గొడుగు దిగి నిచ్చెనెక్కిన మైకు మావయ్య

మా మైకు మావయ్య గొంతు సవరించుకుంటే చాలు, వీధి చివర నిద్రపోతున్న కుక్కలు తమని ఎవరో పిలిచారనుకుని తోకలాడించుకుంటూ వచ్చేవి. పెంచి చెబుతున్నానని మీకు అనిపించొచ్చు. పెంచకుండా చెబితే ఆ గొంతుకే అవమానం. ఒకసారి బట్టల దుకాణం వాళ్ళ తగ్గింపు ధరల గురించి ఆయన మా వీధిలో అరిస్తే, పక్క ఊళ్ళో ఆడవాళ్ళు సంచులు పట్టుకుని బయల్దేరారట. ఈ మాట నాకు సోడాకొట్టు ముసలాయన చెప్పాడు. ఆయన నాకంటే పెద్ద కోతలరాయుడు కాబట్టి సగం తీసేసుకోండి. మిగిలిన సగమైనా తక్కువేం కాదు.

మావయ్య మా అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. వాళ్ళమ్మ చిన్నప్పుడే పోతే అమ్మే చంకనేసుకుని పెంచింది. పెళ్ళయి నాన్న వెంట వస్తూ పెట్టెతోపాటు తమ్ముణ్ణి కూడా తెచ్చుకుందని వీధిలో వేళాకోళం చేసేవాళ్ళు. నాన్న దర్జీ. ముందుగదిలో కుట్టుమిషను, వెనకగదిలో వంట, మధ్యలో నలుగురం ఒకరి కాళ్ళు ఒకరికి తగులుతూ పడుకునే గది. మావయ్యకి మీసాలొచ్చాక సరిగ్గా మా ఎదురుగా వీధిగది అద్దెకి తీసుకుని మైకుసెట్టు పెట్టాడు. రెండు గొట్టాలు, ఒక యాంప్లిఫయరు, లారీ బ్యాటరీ, చుట్టలు చుట్టలుగా వైరు, ఇవన్నీ మోసే ఒక ఆటో. ఒక గొట్టం ముందుకీ ఒకటి వెనక్కీ కట్టేవాడు, వచ్చేటప్పుడు విననివాడు పోయేటప్పుడైనా వినాలని. మైకు మూతికి చేతిరుమాలు చుట్టేవాడు. ఎందుకు మావయ్యా అంటే, "నేను మాట్లాడేటప్పుడు అది తడిసి జలుబు చేస్తుందే" అనేవాడు.

మధ్యాహ్నం భోజనం మాత్రం మా వంటగదిలోనే. నాన్నా ఆయనా పక్కపక్కన కూర్చుని ఒకరినొకరు ఆడిపోసుకుంటూ తినేవాళ్ళు.

"బావా, నీ మిషను చప్పుడుకి నా గొంతు నాకే వినపడటం లేదు."

"నీ గొంతుకి నా సూదులు విరుగుతున్నాయిరా. ముందు వాటికి జవాబు చెప్పు."

"వినవే అక్కా! బావ చెయ్యి వణికి సూది విరిగితే అది కూడా నా నెత్తినే."

అమ్మ నవ్వుతూ ఇద్దరికీ వడ్డించేది. మా అమ్మ నవ్వు గురించి ఎక్కువ చెప్పను. అది ఉన్నన్నాళ్ళు మా ఇంట్లో దీపం ఖర్చు తగ్గిందంటే నమ్మితే నమ్మండి.

అప్పుడు ఊరంతా ఒకటే పార్టీ, గొడుగు పార్టీ. దాని మీద ఇద్దరు పెద్దమనుషులు పెత్తనం చేసేవాళ్ళు. ఒకడు కాంట్రాక్టరు. ఆయన వేసిన రోడ్డు మీద గట్టిగా తుమ్మితే గుంట పడేది. రెండోవాడు వకీలు. ఆయన కేసు పట్టుకుంటే తాత వేసిన దావా మీద మనవడు తీర్పు వినాల్సిందే. మావయ్యకి కాంట్రాక్టరంటే ప్రాణం, ఎందుకంటే ఆటో కొనడానికి మాటసాయం చేసింది ఆయనే. నాన్నకి వకీలంటే గౌరవం, ఎందుకంటే ఆయన నల్లకోట్లు నాన్నే కుట్టేవాడు. ఊళ్ళో నలుగురూ ఆ కోటు చూసి ఎవరు కుట్టారని అడిగితే వకీలు నాన్న పేరు చెప్పేవాడు.

మున్సిపాలిటీ ఛైర్మను సీటు ఒకటే అయింది, కూర్చునేవాళ్ళు ఇద్దరయ్యారు. గొడుగు వాళ్ళు సీటు కాంట్రాక్టరుకిచ్చారు. వకీలు ఆ సాయంత్రమే కండువా తీసి కారు తుడిచి, మర్నాడు నిచ్చెన పార్టీలో చేరాడు. నాన్న కూడా వెళ్ళాడు. మా ముందుగదిలో నిచ్చెన గుర్తు జెండాలు గుట్టలుగా తయారయ్యాయి. ఎదురుగదిలో గొడుగు ఎగురుతోంది. మధ్యలో వీధి. ఆ వీధి ఎంత వెడల్పంటే, అమ్మ మా వెనకగదిలో తాలింపు వేస్తే మావయ్య అక్కడ తుమ్మేవాడు.

అయినా భోజనానికి వస్తూనే ఉన్నాడు. తినేంతసేపూ పార్టీ మాట ఎత్తకూడదని అమ్మ షరతు పెట్టింది. ఇద్దరూ ఉప్పు గురించీ వాన గురించీ మాట్లాడుకుని చేతులు కడుక్కునేవాళ్ళు.

చెడింది ప్రచారంలో. మావయ్యకి మైకు చేతిలో ఉంటే ఒళ్ళు తెలిసేది కాదు. వెనకాల కుర్రాళ్ళు ఈలలు వేస్తూ నడుస్తున్నారు, ఆటో మా ఇంటి ముందుకొచ్చింది. కాగితం మీద రాసిచ్చింది చదవడం అయిపోయింది. చప్పట్లు ఇంకా అయిపోలేదు. ఆ ఊపులో ఆయన నోట్లోంచి సొంత కవిత్వం ఊడిపడింది.

"నిచ్చెన పార్టీ వాళ్ళ హామీలు ఎలాంటివో తెలుసా? మా బావ కుట్టిన చొక్కాల్లాంటివి! తొడుక్కుని చూస్తే ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి!"

వీధి వీధంతా పొట్ట పట్టుకుని నవ్వింది. సోడాకొట్టాయన నవ్వలేక బల్ల మీద వాలిపోయాడు. మావయ్య కూడా నవ్వుతూ మా కిటికీ వైపు చెయ్యి ఊపాడు, బావ కూడా నవ్వుతున్నాడనుకుని. నాన్న అప్పుడే కుట్టిన చొక్కా చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముందు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత ఆ చొక్కా రెండు చేతులూ కలిపి పొడవు సరిచూశాడు. సమానంగానే ఉన్నాయి. అలా చూసుకోవాల్సి వచ్చిందనే ఆయనకి ఎక్కువ కోపం వచ్చిందని నేననుకుంటాను.

ఆ రోజు నుంచి నాన్న కొట్టుకి వచ్చిన ప్రతివాడూ చొక్కా తీసుకునే ముందు చేతులు ముందుకి చాచి, ఒక కన్ను మూసి చూడటం మొదలెట్టాడు. పెళ్ళికొడుకు చూశాడు. బడి మాస్టారు చూశాడు. ఆఖరికి జేబు అతికించుకోడానికొచ్చినవాడు కూడా చేతులు చాచి చూశాడు. నాన్న అందరికీ చేతులు కలిపి చూపించాడు. మర్నాడు మధ్యాహ్నం మావయ్య ఎప్పట్లాగే చెప్పులు విడిచి గుమ్మంలోకొచ్చాడు.

"లోపలికి రాకు," అన్నాడు నాన్న మిషను మీంచి తలెత్తకుండా.

"అదేంటి బావా! అది పార్టీ మాట. నా మాట కాదు కదా."

"నోరు ఎవరిది?"

మావయ్య తల గోక్కున్నాడు. "నాదే అనుకో."

"ఆ నోటితో, ఆ మైకులో, ఇక్కడే నిలబడి, మా బావ కుట్టుకి వంక పెట్టలేం అని చెప్పు. అప్పుడొచ్చి కూర్చో. అప్పటిదాకా మీ అక్క చేతి అన్నం నీకు లేదు."

అంతే. మా ఇంట్లో ఆ తర్వాత జరిగిన ప్రతి గొడవా, మా అమ్మ పెట్టుకున్న ప్రతి ఆశా ఆ ఒక్క మాట చుట్టూ తిరిగాయి. తమ్ముడు మైకులో ఒక ముక్క చెప్పాలి, వచ్చి వంటగదిలో కూర్చోవాలి. అమ్మ ఇంకేమీ అడగలేదు. నగ అడగలేదు, చీర అడగలేదు.

మావయ్య చెప్పనన్నాడా? పాపం, అనలేదు. కాంట్రాక్టరుని అడగడానికి వెళ్ళాడు. ఆయన పళ్ళు కుట్టుకుంటూ, "ఎన్నికల ముందు ఎదుటి పార్టీ దర్జీని పొగుడుతావా? మతి ఉందా?" అన్నాడు. ఎన్నికలయ్యాయి, గొడుగు గెలిచింది. మళ్ళీ అడిగాడు. "గెలిచినవాళ్ళం తగ్గుతామా?" అన్నాడు. పైసారి ఓడిపోయారు. "ఓడినవాళ్ళం ఇంకా వంగామా, మన నడుము ఉండదు," అన్నాడు. మావయ్య అడిగినప్పుడల్లా భుజం తట్టి పక్కనున్నవాళ్ళతో, "వీడు మనోడు. బంగారం," అనేవాడు. ఆ బంగారం పొయ్యి వెలిగించడం రాక, ఎదురుగదిలో చల్లటి రొట్టె నములుతూ మా వంటగది పొగ చూసేవాడు.

ఒకరోజు ఉండబట్టలేక కొట్టు దగ్గరికొచ్చి, నాన్న చెవిలో మెల్లిగా, "బావా, నీ కుట్టుకి తిరుగులేదు. ఇదుగో చెప్పేశాను," అన్నాడు.

"మైకులో తిట్టి చెవిలో పొగుడుతావురా?" అని నాన్న కత్తెర బల్ల మీద కొట్టాడు.

అమ్మ మాత్రం వీధిలో నీళ్ళు పట్టుకునేటప్పుడు తమ్ముడితో మాట్లాడేది, ఎవరూ చూడనట్టు. చూడనివాడు మా వీధిలో ఎవడూ లేడనుకోండి. ఆయనకి సంబంధాలు చూడాల్సింది అమ్మే. నిచ్చెన ఇంటి ఆడమనిషి గొడుగు పెళ్ళికొడుకు కోసం ఎవరి గడప తొక్కుతుంది? అలా ఆ వయసు కాస్తా దాటిపోయింది. "మైకునే కట్టుకున్నాను, అది అత్తగారి మాట ఎత్తదు," అని మావయ్య జోకులేసేవాడు. అమ్మ బిందె సగం నిండకుండానే ఎత్తుకుని లోపలికొచ్చేసేది.

నేను ఆరో క్లాసులో రెండోసారి కూర్చున్న ఏడాది, కాంట్రాక్టరు నిచ్చెన పార్టీలో చేరుతున్నాడని పిడుగులాంటి వార్త వచ్చింది. రాజధానిలో నిచ్చెన ప్రభుత్వం వచ్చింది, బిల్లులన్నీ అక్కడ ఆగాయి. కాంట్రాక్టరు మనసు ఎటు మారిందో చిన్నపిల్లలకి కూడా అర్థమైంది. మావయ్య గోడ మీద గొడుగు బొమ్మ తనే గీకేసి, వీధి మధ్యలో నిలబడి మైకు లేకుండానే అరిచాడు.

"అక్కా! రేపట్నుంచి అందరిదీ ఒకటే పార్టీ! ఇంక నన్నెవరాపుతారే?"

అమ్మ పిండి చేతులతోనే గుమ్మంలోకొచ్చింది. "మరి మీ బావ అడిగిన మాట?"

"రేపు సభలోనే చెప్తా. కాంట్రాక్టరుగారు స్టేజీ మీదుంటారు, వకీలుగారూ ఉంటారు. ఊరంతా ముందుంటుంది. అంతమందిలో చెప్తే బావ ఇంకేం అనగలడు? సాయంత్రానికి వంట చెయ్యి."

ఆ రాత్రంతా అద్దం ముందు నిలబడి ఆ వాక్యాన్ని సాధన చేశాడట. ఇవతల మా ముందుగదిలో ఇంకో సంగతి ఉంది. మిషను కింద కొత్త గుడ్డ బేళ్ళు, మీద దుప్పటి కప్పి ఉన్నాయి. అమ్మ ఊడుస్తూ దుప్పటి కొస ఎత్తింది. నేనూ చూశాను. నిచ్చెన గుడ్డ కాదు. గొడుగు గుడ్డ. అప్పటికే సగం జెండాలు కుట్టి మడతపెట్టి ఉన్నాయి. అమ్మ దుప్పటి మళ్ళీ సర్దేసింది. వకీలు ఎటు దూకబోతున్నాడో మాకు సభకంటే ముందే తెలిసిపోయింది. కానీ అమ్మ ఆశ ఎలాంటిదంటే, కళ్ళతో చూసినదాన్ని కూడా నమ్మనివ్వలేదు. కూరలు తరుక్కుంటూ కూర్చుంది.

సభ హైస్కూలు ఆవరణలో. మావయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు, నాన్న ఎప్పుడో కుట్టిందే. జనం ఎంతమందంటే, ఎవరికైనా వీపు దురదపెడితే పక్కవాడి వీపు గోక్కున్నారు. కాంట్రాక్టరు ఒక చివర, వకీలు ఒక చివర, మధ్యలో పెద్ద పూలదండ. మావయ్య రుమాలు చుట్టిన మైకు పట్టుకుని గొంతు విప్పాడు.

"ఈ శుభ సందర్భాన... మా నాయకుడు, మీ పార్టీకి కొత్త ఊపిరి పోయడానికి..."

అయిపోయింది. మన అనాల్సిన చోట మా అన్నాడు, మన అనాల్సిన చోట మీ అన్నాడు. మన అంటే వినేవాడు కూడా ఇంట్లో మనిషే. మా అంటే వాణ్ణి గుమ్మం బయట నిలబెట్టి తలుపేసినట్టే. ఇన్నేళ్ళూ మా గొడుగు, మీ నిచ్చెన అని అరిచి అరిచి ఆయన నాలుకకి ఆ దారే అలవాటైపోయింది.

"మీ పార్టీ ఏంట్రా? ఎవరింటికొచ్చి ఎవరికి ఊపిరి పోస్తావు?" అని వకీలు మనుషులు లేచారు.

మావయ్యకి చెమటలు పట్టాయి. సర్దబోయాడు. "అయ్యయ్యో, మన పార్టీ! మన పార్టీయే! మనందరి గుర్తు గొడుగు గుర్తు..."

ఇంక చెప్పేదేముంది! కుర్చీలు లేచాయి. ఒక కుర్చీ పూలదండలోంచి దూరి పోయింది. వకీలు, ఎప్పట్నుంచో ఆ మాట కోసమే కాచుకున్నట్టు, చివ్వున లేచి, "ఈ అవమానం నేను భరించను," అని కండువా స్టేజీ మీద వదిలేసి మెట్లు దిగాడు. ఆ గోలలో మావయ్య మైకు వదల్లేదు. ఆయనకి పార్టీ పోయినా ఫరవాలేదు. సాయంత్రం వంటగది పోతుందని భయం. గొంతు చించుకుని అరిచాడు.

"మా బావ కుట్టిన చొక్కా..."

ఎవడో వైరు లాగేశాడు. ఊరందరికీ వినపడింది అంతే. మా బావ కుట్టిన చొక్కా. జనానికి పాత జోకు గుర్తొచ్చింది. కొట్టుకుంటున్నవాళ్ళు కొట్టుకోవడం ఆపి మరీ నవ్వారు. మావయ్య నోరు ఆడుతూనే ఉంది, "చేతులు సమానం, వంక లేదు" అని. ముందు వరసలో ఉన్న సోడాకొట్టాయనకి కూడా అది వినపడలేదు. నాన్న వెనక వరసలో నిలబడ్డాడు. ఆయనకి నవ్వు ఒక్కటే వినపడింది.

ఇంటికొచ్చి దుప్పటి తీసేసి గొడుగు జెండాలు కుట్టడానికి కూర్చున్నాడు. అమ్మ వండిన గిన్నెల మీద మూతలు పెట్టి, మొదటిసారి నాన్నకి ఎదురు నిలబడింది.

"వాడు పొగడబోయాడండి. మధ్యలో వైరు లాగేశారట."

"నేను విన్నది విన్నాను."

"వాడి వల్ల పార్టీ చీలిందంటున్నారు. ఈ గుడ్డ వాడు నోరు తెరవకముందే వచ్చింది కదా. నేను చూశాను."

నాన్న తొక్కుడు ఆపాడు. "నువ్వు గుడ్డ చూశావు. నేను నవ్వు విన్నాను," అన్నాడు. మళ్ళీ తొక్కాడు. ఆ మిషను ఆ రోజు చేసిన చప్పుడు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది, దీంట్లో మాత్రం ఒక్క రవ్వ పెంచలేదు.

తమాషా ఏమిటంటే, ఇప్పుడు మా ఇంటి మీద గొడుగు, ఎదురుగా నిచ్చెన. ఇన్నాళ్ళు నాన్న గొడుగు వాళ్ళని తిట్టిన తిట్లు మావయ్యకొచ్చాయి, మావయ్య తిట్లు నాన్నకొచ్చాయి. ఒక్క అక్షరం మార్చుకోవాల్సిన పని కూడా పడలేదు. కాంట్రాక్టరు మాత్రం మావయ్యని గేటు బయటే ఆపించాడు. "నీ నోటివల్ల నా పరువు పోయింది," అన్నాడు. పైసారి ఎన్నికలకి పట్నంలో ఎవరో అమ్మాయి గొంతు రికార్డు చేయించి తెచ్చారు. చిన్న డబ్బాలో పెట్టి ఆటోకి తగిలిస్తే పొద్దుట్నుంచి సాయంత్రందాకా తప్పు లేకుండా మన, మన అని పాడింది. దానికి చేతిరుమాలు అక్కర్లేదు.

మావయ్య ఆటో అమ్మేశాడు. గొట్టాలు పాతసామాన్ల వాడు తూకానికి తీసుకుపోయాడు. గొంతు కూడా పోయింది. ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలీదు, ఎందుకంటే అప్పటికి ఆ గొంతుతో పనిపడేవాళ్ళే లేరు. సినిమా హాలు దగ్గర సైకిళ్ళకి చీటీలిచ్చే పనిలో కుదిరాడు. అయినా నిచ్చెన కండువా వేసుకునే వెళ్ళేవాడు. ఎందుకు మావయ్యా అంటే, "తీస్తే మెడ చల్లగా ఉంటుందే," అని గుసగుసలాగా అన్నాడు.

నేను అమ్మ భుజం దాటి పెరిగిన ఏడాది ఊళ్ళోకి తాళంచెవి పార్టీ వచ్చింది. కాంట్రాక్టరూ వకీలూ ఒకే కారులో వెళ్ళి, ఒకే రోజు అందులో చేరారు. అంతటితో ఆగారా? వకీలు కూతుర్ని కాంట్రాక్టరు కొడుక్కిచ్చి వియ్యంకులయ్యారు. ఆ పెళ్ళికి సూట్లు పట్నంలో కుట్టించుకున్నారు. నాన్నకి పిలుపు రాలేదు. మావయ్యకీ రాలేదు. వియ్యంకులిద్దరూ ఒకళ్ళ నోట్లో ఒకళ్ళు మిఠాయి పెట్టుకున్న ఫొటో పేపర్లో పడితే, సోడాకొట్టాయన దాన్ని తెచ్చి మా మిషను మీద పరిచాడు.

నాన్న ఆ ఫొటో చాలాసేపు చూశాడు. మెడలో గొడుగు కండువా తీసి, దాంతో మిషను నూనె తుడిచి మూలకి విసిరేశాడు. వంటగది గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా అక్కడే నిలబడి, "పిలవాలనుంటే పిలువు, మీవాణ్ణి," అన్నాడు. "మైకులో చెప్పక్కర్లేదు."

అమ్మ చెయ్యి కూడా తుడుచుకోకుండా వీధి దాటింది. వెనకాల నేను. మావయ్య కిటికీ పక్క మంచం మీద కూర్చుని చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నాడు, వంకరగా. గదిలో మైకుసెట్టు ఉన్న చోట నేల మాత్రం చుట్టూ ఉన్నదానికంటే తెల్లగా ఉంది.

"రారా. మీ బావ రమ్మన్నారు."

ఆయన మాట వినాలంటే దగ్గరికి వంగాల్సి వచ్చింది. "ఫొటో చూశాడా?"

"చూశారు."

"అందుకా?"

అమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

"వాళ్ళు విడిపోయారని విడిపోయాం. వాళ్ళు కలిశారని కలుద్దామా? రేపు ఆ అల్లుడు కూతుర్ని ఏడిపిస్తే మళ్ళీ విడిపోదామా అక్కా?"

"ఎందుకురా ఆ గొడవ? నీకు ఆకలేస్తుంది, నేను వండుతాను. అంతేగా."

"నాకు పార్టీ లేదు, గొంతు లేదు, పెళ్ళాం లేదు," అన్నాడు సూదిని చూస్తూ. "బావ మీద కోపం ఒక్కటి నా సొంతానికి మిగిలింది. వచ్చి నీ వంటగదిలో కూర్చున్నాననుకో, ఇన్నేళ్ళూ ఉత్తినే పోయాయని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. నా వల్ల కాదే. పో."

"నా మొహం చూడరా."

ఆయన చూడలేదు. గుండీ మీదే వంగిపోయాడు. అమ్మ ఆయన చేతిలోంచి చొక్కా తీసుకుని, గుండీ ఊడదీసి, సరిగ్గా కుట్టి, దారం పంటితో తెంపి మంచం మీద పెట్టింది. ఇద్దరిలో ఎవరూ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదని నాకు అనిపించింది.

తిరిగి వచ్చేసరికి నాన్న మా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. అక్కణ్ణుంచి ఎదురుగది కిటికీ, మంచం, మంచం మీద మావయ్య, ఆయన చొక్కా తొడుక్కుని గుండీ తడుముకోవడం, అన్నీ కనిపిస్తున్నాయి.

"ఏమన్నాడు?"

"ఇంట్లో లేడండి," అంది అమ్మ.

నాన్న ఎదురుగదిని చూశాడు. అమ్మని చూశాడు.

"సరే. వచ్చాక చెప్పు," అని లోపలికెళ్ళి మిషను ముందు కూర్చున్నాడు.